ఎలక్ట్రిక్ కారుకు పన్ను మాఫీ సరే, బస్సుకు దారి ఎప్పుడు?

మలక్‌పేట వాసి (చర్చ మొదలుపెట్టినవారు)

పదకొండేళ్లుగా హైదరాబాద్ కోఠిలో 127కె బస్సు ఎక్కి కొండాపూర్‌లో ఉద్యోగానికి వెళ్లివస్తున్నాను. నిన్న పొద్దున లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. కిందికి చూస్తే మా బస్సు పొడవునా రెండు వరుసల్లో ఆరు కార్లు. ఐదింటిలో నడిపే మనిషి తప్ప ఎవరూ లేరు. ఆరో కారు వెనక సీట్లో బడిసంచి ఒళ్లో పెట్టుకుని ఒక పాప నిద్రపోతోంది. ఆరు కార్లలో కలిపి ఏడుగురు. మా బస్సులో నిలబడ్డవాళ్లతో కలిపి అరవై మందికి తక్కువ ఉండరు. ఆకుపచ్చ దీపం రెండుసార్లు వెలిగి ఆరినా మేం ముందుకు కదలలేదు.

ఆ ఆరింటిలో రెండు కార్లకు ఎలక్ట్రిక్ బండ్లకుండే పచ్చ నంబరు ప్లేట్లున్నాయి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన విధానం ప్రకారం ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మాఫీ. 2022లో సవరించిన శ్లాబుల్లో ఇరవై లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్, అంటే ఒకేసారి కట్టే రోడ్డు పన్ను, 18 శాతంగా పెట్టారు. ఆ లెక్కన పాతిక లక్షల ఎలక్ట్రిక్ కారు కొన్నవారికి ప్రభుత్వం నాలుగున్నర లక్షలు వదులుకుంది.

వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ కారు పొగ వదలదు, నిజమే. కానీ అది రోడ్డు మీద ఆక్రమించే చోటు ఒక్క అంగుళమైనా తగ్గిందా? దాని వెనక ఇరుక్కున్న మా డీజిల్ బస్సు, పక్కనున్న ఆటోలు ఇంజను ఆపకుండా పొగ వదులుతూనే ఉన్నాయి కదా. కార్లు పెరిగేకొద్దీ పెరిగే ఈ నష్టాన్ని తగ్గించడానికి ప్రభుత్వాలు అసలు ఏం చేయాలి? మీ ఊళ్లలో, మీరున్న దేశాల్లో ఏం జరిగింది? చెప్పండి.

మెరుపుబండి

మీరు చెప్పిన ఆ పచ్చ ప్లేటు వాళ్లలో నేనొకణ్ణి. నా పాత డీజిల్ కారును తొమ్మిదేళ్లు నడిపాను. సెల్లారులో పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌కు ఎదురుగా ఉన్న గోడ మీద పొగ కొట్టేది. తొమ్మిదేళ్లలో అక్కడ పళ్లెమంత నల్లమచ్చ కట్టింది. మా వాచ్‌మన్ ఆ గోడ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కారు మార్చాక ఆ గోడకు సున్నం వేయించాను. ఏడాదిన్నర అయింది, గోడ తెల్లగానే ఉంది. ఆ మచ్చ ఆయన ఊపిరితిత్తుల్లోకి కూడా వెళ్లి ఉంటుందని నాకు అప్పుడే తట్టింది.

"కరెంటు బొగ్గుతోనే కదా వచ్చేది" అని ఎవరో ఒకరు అంటారు, అందుకే ముందే చెబుతున్నాను. మన దేశంలో ఎక్కువ భాగం కరెంటు బొగ్గు నుంచే వస్తోంది, ఒప్పుకుంటాను. అయితే పెట్రోలు ఇంజనులో కాలిన శక్తిలో పావు వంతుకు కాస్త అటూఇటూ మాత్రమే చక్రాలకు అందుతుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. మోటారులో ఆ వృథా చాలా తక్కువ. పైగా రామగుండంలో చిమ్నీ నుంచి వచ్చే పొగకు వడపోత పెట్టించవచ్చు. సిగ్నల్ దగ్గర పసివాడి ముఖం ఎత్తులో వచ్చే పొగకు ఏం పెట్టగలం? పన్ను మాఫీ లేకపోతే నేను ఈ కారు కొనేవాణ్ణి కాదు.

నల్లగొండ దారి

నేను కిందటేడు దసరాకు కారు కొన్నాను. చిన్నదే, పెట్రోలుది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు, సెస్సు కూడా పోయింది. అందువల్లే కొనగలిగాను.

అంతకుముందు ఎలా తిరిగేవాళ్లమో చెప్పనివ్వండి. బైకు. ముందు పెద్దవాడు, వెనక భార్య, ఆమె ఒళ్లో చిన్నది. హయత్‌నగర్ దాటాక వానలో ఇసుక మీద చక్రం జారి నలుగురం పడ్డాం. వెనక వస్తున్న లారీ బ్రేకు వేయగలిగింది కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను. పెద్దవాడి మోచేతి మీద ఆ గాటు ఇంకా ఉంది. మాలాంటివాళ్లకు కారు విలాసం కాదు, తల మీద కప్పు. కార్లు తగ్గించాలని అంటున్న ప్రతి ఒక్కరూ ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇరవై ఏళ్లుగా కార్లలో తిరిగినవాళ్లు, మా వంతు వచ్చేసరికి రోడ్డు నిండిపోయిందని అంటే ఎలా?

విశ్రాంత ఇంజనీరు

నల్లగొండ దారి గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. తప్పు కారు కొన్న మీది కాదు. నలుగురు ఉన్న ఇంటికి బైకు, కారు తప్ప మూడో దారి లేకుండా చేసిన మా తరం ఇంజనీర్లది, మాకు ఆదేశాలిచ్చిన ప్రభుత్వాలది.

2006లో కేంద్రం జాతీయ పట్టణ రవాణా విధానం ప్రకటించింది. రోడ్డు మీద చోటును వాహనాల లెక్కన కాక మనుషుల లెక్కన పంచాలన్నది అందులోని కీలకమైన మాట. ఆ కాగితం నా బల్ల మీద ఏళ్ల తరబడి ఉంది. దాని పక్కనే నేను సంతకం పెట్టిన పనులన్నీ రోడ్డు వెడల్పు చేయడం, ఫ్లైఓవర్ కట్టడం, మలుపు తీయడం. వెడల్పు చేసిన ప్రతిసారీ ముందుగా పోయింది ఫుట్‌పాత్, ఆ తర్వాత చెట్లు. కొత్త ఫ్లైఓవర్ మొదటి ఏడాది హాయిగా ఉంటుంది. దారి ఖాళీగా ఉందని తెలిసి ఇంకొంతమంది కార్లు బయటికి తీస్తారు, ఆ దారి చివర కొత్త కాలనీలు లేస్తాయి. నాలుగేళ్లకు రద్దీ యథాస్థితికి వచ్చి, ఈసారి రెండు అంతస్తుల్లో నిలబడుతుంది.

పార్కింగ్ గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మన ప్లానింగ్ లెక్కల్లో ఆరుబయట ఒక కారు నిలపడానికి, తిప్పడానికి కలిపి 23 చదరపు మీటర్లు వేసుకుంటాం. సెల్లారులో అయితే 32 చదరపు మీటర్లు, అంటే దాదాపు 344 చదరపు అడుగులు. రాష్ట్ర ప్రభుత్వం పేదలకు కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇల్లు మొత్తం 560 చదరపు అడుగులు. ఒక కుటుంబం బతికే చోటులో సగానికి పైగా ఒక కారు నిద్రపోవడానికి కావాలి. అదీ ఇంటి దగ్గర ఒకటి, ఆఫీసు దగ్గర ఒకటి, మాల్ దగ్గర ఒకటి. అపార్ట్‌మెంటు అనుమతికి వచ్చినవారిని పార్కింగ్ ఎక్కడో చూపించమని మేం గట్టిగా అడిగేవాళ్లం. దగ్గరలో బస్‌స్టాపు ఎక్కడుందని నా సర్వీసులో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇందుకు భిన్నంగా జపాన్ 1962లోనే చట్టం చేసింది. కారు నిలుపుకోవడానికి ఇంటికి దగ్గరలో, రెండు కిలోమీటర్ల లోపు, రోడ్డు కాని చోటు ఉందని పోలీసు స్టేషనులో ధ్రువపత్రం తీసుకుంటేనే రిజిస్ట్రేషన్. మన దగ్గర వీధే అందరి గ్యారేజీ.

ఉప్పల్ అమ్మ

మా బాబుకు ఆరేళ్లు. ఉబ్బసం. చలికాలం వచ్చిందంటే రాత్రి రెండింటికి నెబ్యులైజర్ పెట్టాలి. మాస్కు పెట్టుకున్నప్పుడు వాడు ఊపిరి ఎలా తీస్తాడో చూస్తూ కూర్చుంటాను. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతే ఎక్కువైందని డాక్టరు గారు గుర్తు చెప్పారు. ఇలా బతుకుతున్న నాకు పెట్రోలా, కరెంటా అనే చర్చ రెండో విషయం. మా వీధి మొదట్లో ఉదయం ఎనిమిది నుంచి పది దాకా కదలకుండా నిలబడే బండ్లు తగ్గాలి, అంతే.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. నాకు నిజంగా మేలు జరిగింది, ఆ డబ్బుతో బాబు మందులు వస్తున్నాయి. కానీ ఎక్కే జనం ఎంత పెరిగారో బస్సులు అంత పెరగలేదు. ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి, బాబును చంకలో పెట్టుకుని రెండుసార్లు దిగిపోయాను. మా కాలనీలో ముగ్గురు ఆడవాళ్లు ఈ ఏడాది స్కూటీలు కొన్నారు. ఉచిత టికెట్ ఉన్నా!

జురాంగ్ తెలుగు

సింగపూర్‌లో పద్నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఇంట్లో కారు లేదు. కొనలేక అని కూడా చెప్పాలి, అవసరం రాక అని కూడా చెప్పాలి.

ఇక్కడ 1975లోనే ఊరి నడిబొడ్డులోకి ఉదయం పూట వచ్చే కార్లకు రోజుకు మూడు డాలర్ల లైసెన్సు పెట్టారు. అద్దం మీద అతికించే కాగితం ముక్క, అంతే. నలుగురు కలిసి ఒకే కారులో వస్తే ఉచితం. ఉదయం వేళ లోపలికి వచ్చే వాహనాలు 40 శాతానికి పైగా తగ్గాయి. 1998లో ఆ కాగితం పోయి గేట్ల కింద దాటగానే డబ్బు కోసుకునే పద్ధతి వచ్చింది. రద్దీ లేని వేళ చాలా చోట్ల రుసుము సున్నా. ఇక 1990 నుంచి కారు కొనాలంటే ముందు వేలంలో ధ్రువపత్రం కొనుక్కోవాలి. దాని గడువు పదేళ్లు. ఈ మధ్య దాని ధర లక్ష సింగపూర్ డాలర్లు దాటిన సందర్భాలున్నాయి, కారు ధర వేరు. 2018 ఫిబ్రవరి నుంచి కార్ల సంఖ్య పెరుగుదలనే సున్నాకు దించేశారు.

ఇది మొత్తంగా హైదరాబాద్‌కు తెచ్చి పెట్టమని నేను అనను. వేలం అంటే డబ్బున్నవాడిదే. పిల్లలున్న ఇళ్లు, ముసలి తల్లిదండ్రులున్న ఇళ్లు బాధపడటం ఇక్కడ కళ్లారా చూశాను. కానీ మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు, భాష రాకపోయినా, ఒక్కతే బస్సెక్కి లిటిల్ ఇండియా వెళ్లి గోంగూర కొనుక్కుని వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. స్టాపు దాకా నీడ, స్టాపులో బెంచీ, బస్సు నేలకు వంగి ఆగుతుంది. కారు వద్దు అని చెప్పే హక్కు ఒక ప్రభుత్వానికి అక్కడి నుంచి వస్తుంది.

క్యాబ్ అన్న

అందరూ చదువుకున్నవాళ్లు మాట్లాడుతున్నారు. నేను రోజుకు పన్నెండు గంటలు కారులోనే ఉంటాను. రద్దీ రుసుము పెడితే ఎవరు కడతారో చెప్పండి. కంపెనీ కట్టదు, ప్రయాణికుడు బేరమాడతాడు, చివరికి నా జేబులోంచే పోతుంది. నాకు ఊరి మధ్యకు రావడం సరదా కాదు, బుకింగ్ ఎక్కడొస్తే అక్కడికి వెళ్లాలి.

ఇంకో మాట. పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి. మొన్న రోడ్డు పక్కన వ్యానులో తీసుకున్నాను. సైలెన్సర్‌లో గొట్టం పెట్టాలి కదా. ఆ కుర్రాడు గొట్టం చేత్తో పట్టుకుని నంబరు ప్లేటు ఫోటో తీశాడు, కాగితం చేతికిచ్చాడు. "పెట్టి చూడు తమ్ముడూ, ఇంజను ఎలా ఉందో నాకూ తెలియాలి" అన్నాను. వెనక లైను ఉందన్నాడు. నా ఇంజను బాగుందో లేదో ఆ కాగితం నాకే చెప్పలేదు, ప్రభుత్వానికి ఏం చెబుతుంది?

విశ్రాంత ఇంజనీరు

క్యాబ్ అన్న గారూ, మీ రెండో మాట బంగారం. 2020 ఏప్రిల్ 1న దేశమంతా ఒక్కసారిగా బీఎస్-6 (భారత్ స్టేజ్-6) పొగ నిబంధనలకు మారాం. బీఎస్-5ను దాటేసి మరీ. ఇంధనంలో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10 భాగాలకు తగ్గింది. కారు ఫ్యాక్టరీ గేటు దాటే దాకా మన నిబంధనలు ప్రపంచంలో ఎవరికీ తీసిపోవు. గేటు దాటాక ఆ కారు పదిహేనేళ్లు ఎలా నడుస్తోందో కనిపెట్టే చోటే చేతులెత్తేశాం.

ఢిల్లీ ఆంధ్ర

ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. మా నాన్నగారు ఇక్కడ గుమాస్తాగా పనిచేశారు. దేశంలో ఈ విషయంలో ఎక్కువ ప్రయోగాలు జరిగింది మా మీదే.

బస్సులన్నీ సీఎన్‌జీకి మార్చాలని 1998లో సుప్రీంకోర్టు ఆదేశించింది. గడువు 2001 మార్చి 31. గడువు ముగిశాక గ్యాసు బంకుల ముందు బస్సులు, ఆటోలు రాత్రంతా బారులు తీరేవి. నాన్నగారు రెండు స్టాపులు నడిచి వెళ్లి బస్సు దొరక్క ఆఫీసుకు ఆలస్యంగా వెళ్లడం గుర్తుంది. 2002 చివరికి మార్పు పూర్తయింది. నల్లపొగ కక్కే బస్సులు కళ్ల ముందే మాయమయ్యాయి, చొక్కా కాలరు మీద మసి తగ్గింది. కానీ ఆ తర్వాత పెరిగిన కార్లు ఆ లాభాన్ని తినేశాయి.

2016 జనవరి 1 నుంచి 15 దాకా సరి-బేసి పెట్టారు, అంటే సరి తేదీన సరి నంబరు కార్లు, బేసి తేదీన బేసి నంబరు కార్లే తిరగాలి. ద్విచక్ర వాహనాలకు, ఆడవాళ్లు ఒంటరిగా నడిపే కార్లకు, సీఎన్‌జీ బండ్లకు మినహాయింపు. బడులు మూసి ఆ బస్సులను జనం కోసం తిప్పారు. రోడ్లు ఖాళీ అయిన మాట నిజం, బస్సు సమయానికి వచ్చింది. గాలి ఎంత బాగుపడిందన్న దాని మీద మాత్రం నిపుణులు ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. పదిహేను రోజుల కోసం ఎవరూ బతుకు మార్చుకోరు. మా పక్కింటాయన ఏప్రిల్‌లో రెండోసారి పెట్టేసరికి పాత కారు ఇంకొకటి కొన్నాడు, సరి నంబరుది.

2025 జూలై 1 నుంచి పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లకు బంకుల్లో ఇంధనం పోయవద్దన్నారు. కొద్ది రోజులకే ఆపేశారు. పాత బండి తీసేయమనడం తేలిక. ఆ మనిషి మర్నాడు పొద్దున ఎలా వెళ్లాలో చెప్పకపోతే ఏ ఆదేశమూ నిలబడదు.

క్రొయిడన్ తెలుగు

> ఆ మనిషి మర్నాడు పొద్దున ఎలా వెళ్లాలో చెప్పకపోతే

ఈ ఒక్క మాట కోసమే ఖాతా తెరిచి రాస్తున్నాను.

లండన్ నడిబొడ్డులో 2003 ఫిబ్రవరి 17న రద్దీ రుసుము మొదలైంది, రోజుకు 5 పౌండ్లు. అదే రోజు 300 అదనపు బస్సులు రోడ్డెక్కాయి. స్టాక్‌హోంలో ఇంకా జాగ్రత్త పడ్డారు. 2006 జనవరిలో రుసుము మొదలైతే, 197 కొత్త బస్సులు, 16 కొత్త రూట్లు అంతకు నాలుగు నెలల ముందే, 2005 ఆగస్టులో వచ్చాయి. మొదట జనంలో ఎక్కువమందికి ఇష్టం లేదు. ఏడు నెలలు ప్రయోగంగా నడిపి ఆపేశారు. రుసుము గీత దాటే వాహనాలు ఐదో వంతు తగ్గాయి. సెప్టెంబరులో ఓటింగ్ పెడితే నగర ప్రజలు కావాలన్నారు. మరుసటి ఏడాది శాశ్వతం చేశారు. చూశాక ఒప్పుకున్నారు, చెప్పినప్పుడు కాదు.

2023 ఆగస్టులో కాలుష్య రుసుము లండన్ శివారులోని మా క్రొయిడన్ దాకా వచ్చింది. పాత డీజిల్ బండి బయటికి తీస్తే రోజుకు పన్నెండున్నర పౌండ్లు. నాది సరిగ్గా అలాంటి బండి. నెల రోజులు తిట్టుకున్నాను. బండిని తుక్కుకు ఇస్తే రెండు వేల పౌండ్లు ఇచ్చారు, దానితో పాటు కొంత కలిపి వేరేది కొన్నాను. ఆ సొమ్ము రాకపోతే నేనూ ఇవాళ మరో మాట మాట్లాడేవాణ్ణి.

మెరుపుబండి గారికి ఒక కబురు. ఇక్కడ ఎలక్ట్రిక్ కార్లకు రద్దీ రుసుములో ఇచ్చిన పూర్తి మినహాయింపు 2025 చివరితో ముగిసింది. పొగ లేకపోయినా చోటు ఆక్రమిస్తుంది కాబట్టి.

కృష్ణ ఒడ్డున

విజయవాడ వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ. మా ఊళ్లో బీఆర్‌టీఎస్ రోడ్డు, అంటే బస్సులు వేగంగా వెళ్లడానికి వేసిన రోడ్డు ఉంది. సత్యనారాయణపురంలో పాత రైలు పట్టాలు తీసేసిన చోట వేశారు. రోడ్డు మధ్యలో బస్సులకని ప్రత్యేకంగా వరుసలు కట్టారు. పిల్లలకు కూడా బీఆర్‌టీఎస్ అంటే ఎక్కడో తెలుసు, దాని అర్థం బస్సు అని మాత్రం తెలియదు. అదే కాలంలో, 2009లో, అహ్మదాబాద్‌లో మొదలైన అలాంటి బస్సు దారి, జన్‌మార్గ్, నడుస్తోంది. తేడా ఏమిటంటే అక్కడ ఒకదానికొకటి కలిసే దారుల అల్లిక వేశారు, మా దగ్గర ముక్క వేసి వదిలేశారు. ముక్క బస్సు దారి ఎక్కడికీ తీసుకెళ్లదు కాబట్టి ఎవరూ ఎక్కరు, ఎవరూ ఎక్కరు కాబట్టి దారి దండగ అంటారు.

2025 ఆగస్టు 15 నుంచి మాకూ ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఉప్పల్ అమ్మ గారు చెప్పిన ఫుట్‌బోర్డు కథ మాకూ మొదలైంది.

పాలమూరు రైతు

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపితే కాలుష్యం తగ్గుతుందని చెబుతున్నారు. అది ఎక్కడి నుంచి వస్తోందో కూడా ఈ చర్చలో ఉండాలి. మొక్కజొన్న, నూకలు, చెరుకు. మా బోరు నీళ్లు. మక్కలకు ధర వస్తే నాకు సంతోషమే, దాచను. కానీ నగరంలో ఒక్కడు కూర్చుని సిగ్నల్ దగ్గర ఆపి ఉంచిన కారులో నా పంట కాలుతోందంటే మనసు ఒప్పుకోవడం లేదు.

మెరుపుబండి

అన్నీ చదివాను. క్రొయిడన్ గారి మాట మీద రెండు రోజులు ఆలోచించాను. నా కారు మా సెల్లారు గోడను బాగుచేసింది, లక్డీకాపూల్‌ను బాగుచేయలేదు. ఒప్పుకుంటున్నాను.

అయినా మాఫీ మొత్తంగా ఎత్తేయడం నాకు సమ్మతం కాదు. స్కూటర్లకు, ఆటోలకు, క్యాబులకు, బస్సులకు ఉంచాలి. రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే క్యాబ్ అన్న బండి మారితే, వారానికి నాలుగుసార్లు తీసే నా కారు మారినదానికంటే ఎన్ని రెట్ల మేలో లెక్క అక్కర్లేదు. ఇరవై లక్షల పైబడిన సొంత కార్లకు మాఫీ ఆపి, ఆ సొమ్ము వాటికి పెట్టవచ్చు.

విశ్రాంత ఇంజనీరు

కేంద్రం దాదాపు అదే చేసింది. 2024 అక్టోబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు మొదలైన పీఎం ఈ-డ్రైవ్ సబ్సిడీలో ద్విచక్ర, త్రిచక్ర వాహనాలను, బస్సులను, అంబులెన్సులను, లారీలను చేర్చారు, సొంత కార్లను చేర్చలేదు. ఆ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. ఇక్కడి ప్రభుత్వ మాఫీలో మాత్రం స్కూటరుకూ, విలాసపు కారుకూ తేడా లేదు.

అయితే ఒక హెచ్చరిక. ఆ 2,000 బస్సులు ఇవే రోడ్ల మీదికి, ఇవే కార్ల మధ్యకు వస్తే మలక్‌పేట వాసి గారు పొగ లేని బస్సులో కూర్చుని అదే సిగ్నల్ దగ్గర ఆగుతారు. బస్సు నాలుగు ట్రిప్పులు తిరగాల్సిన సమయంలో రెండే తిరిగితే రెండు వేల బస్సులు వెయ్యి బస్సుల పనే చేస్తాయి. రంగు గీత గీసి, కెమెరా పెట్టి, ఒక వరుస బస్సుకు వదిలిపెట్టడానికి మెట్రోకయ్యే ఖర్చులో నలుసంత కూడా కాదు. అవసరమైనది ధైర్యం. కారులో వెళ్లేవాళ్లకు ఒక వరుస తగ్గిందని చెప్పగలిగే మంత్రి కావాలి.

నిర్వాహకులు

చర్చ బాగా సాగుతోంది. ఏ పార్టీ హయాంలో ఏం జరిగిందన్న మూడు వ్యాఖ్యలు తొలగించాం. విధానం మీదే ఉండండి.

నల్లగొండ దారి

నేను మొదట కోపంగా రాశాను. ఇప్పుడు నా వైపు నుంచి ఒక బేరం పెడతాను. మా ఇంటి నుంచి పది నిమిషాలకొక బస్సు, రాత్రి పదింటి దాకా, ఎక్కితే పిల్లలతో నిలబడే చోటు. ఇది ఏడాది పాటు తప్పకుండా నడిపి చూపించండి. ఆ తర్వాత ఆఫీసుల వైపు వెళ్లే కారుకు రుసుము పెట్టండి, నేను నోరెత్తను. కారు ఆదివారం నల్లగొండ వెళ్లడానికి ఉంటుంది. ముందు రుసుము, తర్వాత ఎప్పుడో బస్సు అంటే మాత్రం రోడ్డు మీద కూర్చునే మొదటివాణ్ణి నేనే.

క్యాబ్ అన్న

నాదీ అదే. రుసుము పెట్టే రోజున క్యాబులకు నలుగురు ఎక్కితే ఉచితం అని రాయాలి, ఆ సింగపూర్ వాళ్లలాగా. ఒక్కడు ఎక్కితే ఎక్కినవాడి బిల్లులో చూపించి వసూలు చేయాలి, నా లెక్కలో కాదు.

మలక్‌పేట వాసి

ఇంతమంది ఇన్ని దేశాల నుంచి రాసినదాంట్లో నాకు ఒకటి గట్టిగా కనిపిస్తోంది. నిలబడిన చోటల్లా బస్సు రుసుము కంటే ముందో, అదే రోజునో వచ్చింది. పడిపోయిన చోటల్లా ఆదేశం ముందు వచ్చింది. మన దగ్గర బస్సూ రాలేదు, రుసుమూ రాలేదు, మాఫీ ఒక్కటే వచ్చింది. 2026 డిసెంబరు 31న ఆ గడువు ముగుస్తుంది. పొడిగించే ముందు ప్రభుత్వం జనం మాట అడగాలి. సొంత కార్ల మాఫీ సొమ్ములో ఎంత భాగం బస్సు వరుసలకు, స్టాపులకు మళ్లించవచ్చో అడుగుతూ రవాణా శాఖకు ఉత్తరం రాస్తున్నాను. ఎవరైనా తమ స్టాపు పరిస్థితి రాసిస్తే జత చేస్తాను. ఫిర్యాదులా వద్దు, కొలతలతో రాయండి.

ఉప్పల్ అమ్మ

రాశాను. ఇవాళ సాయంత్రం బాబు, నేను ఇంట్లోని కుట్టు టేపు పట్టుకుని కొలిచాం. వాడికి ఆటలా అనిపించింది.

మా గేటు నుంచి స్టాపుకు 410 అంగలు వేశాం. అందులో ఫుట్‌పాత్ ఉన్నది మొదటి 90 అంగలు. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ కంచె, దాన్ని దాటడానికి రోడ్డు మీదికి దిగాలి. ఆపైన ఫుట్‌పాత్ మీద నాలుగు కార్లు, వాటిలో రెండింటికి కవర్లు కప్పి ఉన్నాయి, ఆ కవర్ల మీద ఎండుటాకులు పడి ఉన్నాయి కాబట్టి చాలా రోజులుగా కదలలేదు. చివర మురుగు కాలువ మీద పలక విరిగింది, ఆ కంత మా టేపుతో 22 అంగుళాలు. స్టాపులో కప్పు ఉంది, బెంచీ లేదు. నీడ మధ్యాహ్నం తర్వాత రోడ్డు మీద పడుతుంది, మనుషుల మీద కాదు.

కంత దగ్గర బాబును ఎత్తుకుని దాటించాను. వాడికి అక్కడే దగ్గు మొదలైంది, కాసేపు కూర్చోబెట్టడానికి ఆ కవరు కప్పిన కారు బోనెట్ తప్ప చోటు లేకపోయింది. ఫోటోలు రేపు పగటి వెలుగులో తీసి పంపుతాను.